తాడు కట్టిన మట్టి

నా చిన్నప్పుడు మా ఊళ్ళో సూర్యుడికి నైట్ డ్యూటీ కూడా ఉండేది. ఈ మాట నాది కాదు, మా బాబాయిది. నేను ఇవాళ బెజవాడ బెంజ్ సర్కిల్ పక్క సందులో ఇడ్లీలు అమ్ముకుంటూ నలుగురినీ నవ్విస్తున్నానంటే ఆ సరుకంతా ఆయన దగ్గర కొట్టేసిందే. ఏడో తరగతితో బడికి దండం పెట్టిన దాన్ని, నాకు సొంత తెలివి ఎక్కడిది?

హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారి, దిగినచోట నుంచి కాలవ గట్టు పట్టుకుని నడిస్తే మా ఊరు వచ్చేది. ఆ ఊరి పొలాల కింద నూనె ఉందని ఎవరో కనిపెట్టారు. పప్పులో తాలింపు వేసుకునే నూనె కాదు లెండి, దేశాన్ని నడిపే నూనె. చర్చి గోపురం కన్నా ఎత్తుగా ఒక ఇనప రిగ్గు తెచ్చి నిలబెట్టి నేలకి తూటు పొడిచారు. దానికి కాస్త ఎడంగా ఒక గొట్టం చివర గ్యాసు మంట పగలూ రాత్రీ భగభగా మండేది. అదే మా రెండో సూర్యుడు. మా కోళ్ళకి ఎప్పుడు తెల్లారిందో అంతుపట్టక, వేళాపాళా లేకుండా కూసి గొంతులు పోగొట్టుకున్నాయి. మా పేటకి అప్పటికి కరెంటు లేదు. ఆడవాళ్ళు ఆ మంట వెలుగులో బియ్యంలో రాళ్ళు ఏరుకునేవాళ్ళు. ఊరి కింద నూనె ట్యాంకర్లెక్కి ఎక్కడికో పోతుంటే, బుడ్డిలోకి కాస్త కిరసనాయిలు కోసం మేము రేషన్ కొట్టు ముందు డబ్బాలు వరస పెట్టుకుని నిలబడేవాళ్ళం. ఇందులో నవ్వాల్సింది ఏముందో నాకప్పుడు తెలీదు. బాబాయి నవ్వితే నవ్వేదాన్ని.

మా ఇంట్లో నాయనమ్మ, అమ్మ, బాబాయి, నేను. నాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు. మాకు ఒక ఎకరం ఉండేది. ప్రభుత్వం ఇచ్చిన పట్టా భూమి. ప్రభుత్వం మా పేటవాళ్ళకి ఎలాంటి భూమి ఇస్తుందో చెప్పక్కర్లేదు. కాలవకి చిట్టచివర, నీళ్ళు దయ తలిస్తేనే వచ్చే చోట, పచ్చి చవుడు. ఎండాకాలం వస్తే నేల మీద ఉప్పు తెల్లగా పొంగేది. ఆ ఎకరాన్ని మనిషి నేలగా మార్చాలని మా నాయనమ్మ పంతం పట్టింది. నేల తీపెక్కిందో లేదో చూడటానికి ఆవిడ దగ్గర ఉన్న యంత్రం నాలుకే. చిటికెడు మట్టి నోట్లో వేసుకుని, చప్పరించి, ఉమ్మేసి, "ఈ మూల మారింది, ఆ మూల ఇంకా మొండికేస్తంది" అని చెప్పేది. ఎకరం మొత్తం పచ్చగా పండిన ఏడు గుణదల తిరునాళ్ళకి వెళ్ళి మేరీ మాతకి తలనీలాలు ఇస్తానని మొక్కుకుంది. అప్పటికి సగం ఎకరం మారింది. జుట్టు కూడా సగం నెరిసింది.

చవుడు మారాలంటే చెరువు మట్టి తోలాలి. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు ఊరి చెరువు ఎండేది. అడుగున నల్లటి ఒండ్రు మట్టి. దాన్ని తవ్వి పొలాల్లో వేసుకోవడం మా వైపు ఆనవాయితీ. దానికో వరస ఉండేది. ముందు పెద్ద కామందుగారి బళ్ళు దిగేవి. తర్వాత చిన్న రైతులవి. అందరి బళ్ళూ ఎక్కాక, ఇంక తవ్వితే నీళ్ళూరతాయేమో అన్నప్పుడు మా పేటవాళ్ళం తట్టలు పట్టుకుని దిగేవాళ్ళం. అప్పటికి మిగిలేవి నత్తగుల్లలూ, కుండపెంకులూ, ఎవరిదో తెగిన చెప్పూ. ఫలానావాళ్ళు ముందు దిగాలని ఎక్కడా రాసి లేదు. రాసి ఉంటే చెరిపేసేవాళ్ళమేమో. మా నాయనమ్మ ఆ మిగులు మట్టిని తట్టకెత్తుకుంటూ ఏటా ఒకటే మాట అనేది. "ఒక్క ఏడు, ఒక్కటంటే ఒక్క ఏడు మనం ముందు తవ్వుకుంటే ఎట్టా ఉండుద్దో చూడాలే అమ్మడూ."

ఇక మా బాబాయి సంగతి. ఊళ్ళో ఆయన్ని చూడగానే ముందు నవ్వి, తర్వాత ఏంటని అడిగేవాళ్ళు. ఒకసారి ఖాళీ గంప మీద తుండుగుడ్డ కప్పి రోడ్డు పక్కన కూర్చుని, వచ్చినవాళ్ళందర్నీ "దగ్గరికి రాకండి బాబూ, దగ్గరికి రాకండి" అని తరిమాడు. మధ్యాహ్నానికి ఊరు ఊరంతా అక్కడే ఉంది. పెద్ద కామందుగారు స్వయంగా వచ్చి తుండుగుడ్డ లాగి ఖాళీ గంప చూసి, నవ్వాలో కొట్టాలో తెలియక వెళ్ళిపోయారు. మన జనానికి ఇవ్వనిది కావాలి, చూపించనిది చూడాలి. ఈ సంగతి తెలిసిన మనిషి చేతికి నూనె కంపెనీ సైటు కాపలా వచ్చింది.

కంపెనీ అంటే కంపెనీ కాదు, దాని కింద ఒక కాంట్రాక్టరు. బాబాయికి ఖాకీ చొక్కా, కర్ర, మెళ్ళో ఈల ఇచ్చాడు. ఆ చొక్కా వేసుకున్న రోజు మా నాయనమ్మ చేత మూడుసార్లు సెల్యూట్ కొట్టించుకున్నాడు. నూనె పడ్డాక బావి మూతికి చక్రాలూ గొట్టాలూ బిగించిన ఒక ఇనప చెట్టు లాంటిది పెట్టారు. సైటువాళ్ళు దాన్ని క్రిస్మస్ చెట్టు అంటారని చెప్తే, నాయనమ్మ చేతులు కడుక్కుని, మంచి చీర కట్టుకుని చూడ్డానికి వెళ్ళింది. చుట్టూ తిరిగి చూసి, "దీనికి నక్షత్రం ఏదిరా?" అంది. "అది జీతాలిచ్చే రోజు కడతారమ్మా" అన్నాడు బాబాయి.

రిగ్గు పక్కన ఒక పెద్ద గొయ్యి ఉండేది. నేలకి తూటు పొడిచేటప్పుడు బస్తాలకొద్దీ ఏవేవో పొడులు నీళ్ళలో కలిపి లోపలికి పంపుతారు. అది లోపలి మట్టినీ ఉప్పునీ నూనె జిడ్డునీ కడుక్కుని పైకి వస్తుంది. అదంతా ఆ గోతిలో చేరింది. రిగ్గు విప్పి పట్టుకెళ్ళేటప్పుడు దాన్ని లారీలకెత్తి దూరంగా, జాగ్రత్తగా పారబొయ్యాలట. గొయ్యి పూడ్చి నేల చదును చేసి ఇవ్వాలట. కాంట్రాక్టరుకి లారీల ఖర్చు గుర్తొచ్చింది. బాబాయిని పిలిచి, గొయ్యి ఖాళీ అయితే నీ ఉద్యోగం పర్మనెంటు, ఎలా చేస్తావో నీ ఇష్టం అన్నాడు. ఇదంతా మాకు తర్వాత తెలిసిన సంగతి. మీకు ముందే చెప్తున్నాను, మాలాగా మీరు కూడా మోసపోవడం దేనికని.

బాబాయి గంప మీద తుండుగుడ్డ కప్పినట్టే చేశాడు. గోతి చుట్టూ కర్రలు పాతి తాడు కట్టాడు. తాడుకి ఎర్ర గుడ్డపీలికలు వేలాడదీశాడు. గట్టు మీద కుర్చీ వేసుకుని, ఎవరైనా అటు తొంగిచూస్తే చాలు ఈల ఊది, "అది కంపెనీ మట్టండీ, ముట్టుకోకూడదండీ, విషమండీ" అని అరిచేవాడు. ఊరికి చాలదా? విషానికి కాపలా ఎందుకు పెడతారని ఒకళ్ళు. పెద్దాఫీసర్లు బంగళా తోటల్లోకి తోలించుకుంటారని ఇంకొకళ్ళు. ఆరిన అంచున ఆ మట్టి బూడిద రంగులో, వెన్నలాగా మెత్తగా ఉండేది. ఒక్క నత్తగుల్ల లేదు, ఒక్క పెంకు లేదు. మధ్యాహ్నం అన్నం తిన్నాక బాబాయి మొహం మీద తుండుగుడ్డ కప్పుకుని కుర్చీలో గుర్రు పెట్టేవాడు. దొంగ గుర్రు. అప్పుడు కామందుగారి బళ్ళు చప్పుడు లేకుండా వెనక నుంచి వచ్చేవి.

నాకనిపిస్తుంది, బాబాయికి ఆ నాటకం ఉద్యోగం కోసమే కాదు. ఏటా చెరువులోకి ముందు దిగేవాళ్ళు ఈసారి గోతిలోకి కూడా ముందు దిగుతారని లెక్కేసుకున్నాడు. దిగనీ అనుకున్నాడు. అందులో పడ్డ కప్ప మళ్ళీ పైకి రాకపోవడం ఆయన చూశాడు. గోతి గట్టున జిల్లేడు మొక్క కూడా మాడిపోవడం చూశాడు. జిల్లేడే బతకని మట్టి అది. అయినా వాళ్ళ పొలాలేగా! జన్మలో ఒక్కసారి ఊరి పెద్దల మీద వేసిన జోకు. ఆ కుర్చీలో తుండుగుడ్డ కింద ఆయన ఎంత నవ్వుకుని ఉంటాడో.

ఒక్కటే మర్చిపోయాడు. మొహం మీద గుడ్డ ఉన్నవాడికి ఎవరొచ్చారో కనపడదు.

బళ్ళు పోవడం మా నాయనమ్మ చూసింది. ఆవిడ లెక్క ఆవిడది. కొడుకు కాపలా ఉన్న మట్టి. కొడుకు కళ్ళు మూసుకున్నాడంటే ఎవరి కోసం మూసుకున్నాడు? ఈసారి మనం వెనకపడేది లేదంది. మిట్టమధ్యాహ్నం ఎండలో నాయనమ్మ, అమ్మ, నేను తట్టలెత్తుకుని వెళ్ళేవాళ్ళం. గోతి దగ్గర కిరసనాయిలు వాసన వేసేది. నీళ్ళ మీద రంగురంగుల జిడ్డు తేలేది. "నూనె మట్టి కదే, జిడ్డు లేకపోతే ఎట్టా? నేలకి తలంటు పోసినట్టుండుద్ది" అంది నాయనమ్మ. అమ్మ ఒకసారి, "అత్తా, నోట్లో వేసుకుని చూడకూడదా?" అంది కూడా. నాయనమ్మ నవ్వేసింది. జీవితమంతా ప్రతి మట్టినీ నాలుక మీద వేసుకుని చూసిన మనిషి. ఊరి చెరువు మట్టిని నమ్మలేదు, ప్రభుత్వం ఇచ్చిన భూమిని నమ్మలేదు. ఎర్ర పీలికలు కట్టి, ఈల వేసి, కొడుకుని కాపలా పెట్టిన మట్టిని మాత్రం రుచి చూడలేదు. అంత విలువైనదాన్ని ఎవరైనా అనుమానిస్తారా?

ఒక సాయంత్రం బాబాయి డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి నాయనమ్మ గడప మీద కూర్చుని కాళ్ళు రుద్దుకుంటోంది. మోకాళ్ళ దాకా బూడిద రంగు మట్టి ఎండి పగుళ్ళు తీసి ఉంది. నీళ్ళు పోస్తే పోవడం లేదు. బాబాయి కర్ర గోడకి ఆనిస్తూ ఆగిపోయాడు.

"ఎక్కడిదే అమ్మా ఆ మట్టి?"

"కాపలా కాసేవాడివి నువ్వు, నన్నడుగుతావేంటిరా!"

అమ్మ పొయ్యి దగ్గర నుంచి నవ్వింది. నేనూ నవ్వాను.

"ఎంత వేశావ్?"

"నీ గుర్రు పుణ్యమా అని సగం పైన అయింది. ఇంకో నాలుగు రోజులు ఇట్టాగే నిద్రపో నాయనా, మిగతాదీ అయిపోద్ది."

"అమ్మా, అది వద్దే. మంచిది కాదు. నిజంగా చెప్తన్నా."

ఆయన మొహంలో నవ్వు లేదు. ఆ సంగతి నాకిప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాకు కనపడింది ఖాకీ చొక్కా, మెళ్ళో ఈల, రోజూ ఊరంతా వినే అదే మాట. నాయనమ్మ కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వి, "ఈల ఊదటం మర్చిపోయావురా. ఈల కూడా ఊదు, అప్పుడు నమ్ముతా" అంది.

బాబాయి ఆవిడ వంక చూశాడు. మా వంక చూశాడు. మేం ముగ్గురం నవ్వు బిగబట్టుకుని ఎదురుచూస్తున్నాం. ఆయన ఈల నోట్లో పెట్టుకుని ఊదాడు. ఇల్లంతా పగలబడి నవ్వాం. ఆయన కూడా నవ్వాడు.

అప్పటికింకా మించిపోలేదు. కాలవకి నీళ్ళు వదల్లేదు. ఎండలో ఆరిన మట్టిని పారలతో గీకి ఎత్తెయ్యొచ్చు. కానీ నిజం చెప్తే నాటకం బయటపడుతుంది. కామందులు వీపు చీరేస్తారు, ఉద్యోగం పోతుంది. మర్నాడు మధ్యాహ్నం మేం తట్టలు తీసుకుని వెళ్ళేసరికి బాబాయి కుర్చీలోనే ఉన్నాడు, మొహం మీద తుండుగుడ్డ కప్పుకుని. ఆ రోజు గుర్రు పెట్టలేదు. మేం తవ్వుకుని, నింపుకుని, ఎత్తుకుని వెళ్ళేదాకా గుడ్డ తియ్యలేదు. నాలుగు రోజుల్లో ఎకరం నిండింది. మా జన్మలో మొదటిసారి పొలం ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే రంగులో ఉంది.

నీళ్ళు వదిలారు. మడి దున్ని దమ్ము చేస్తే ఆ మట్టి పాలల్లో పిండిలా కలిసిపోయింది. నాట్లు వేశాం. ముందు ఆకుల కొసలు ఎర్రబడ్డాయి. తర్వాత మొక్క మొక్కే వాలిపోయింది. కాళ్ళకి దురదలు పుట్టి చర్మం ఊడింది. కామందుగారి పొలంలో కూడా మాడింది కానీ, ఆయన ముందు ఒక మూల వేసి చూసుకున్నారు. ఆ మూల పోగానే మిగతా కుప్పలన్నీ మనుషుల్ని పెట్టి గట్టు మీదికి ఎత్తించేశారు. వేసి చూసుకోడానికి వాళ్ళ పొలానికి మూలలున్నాయి. మాకున్నదే ఒక మూల.

నాయనమ్మ మడిలో దిగి, అప్పుడు, చిటికెడు మట్టి తీసి నాలుక మీద వేసుకుంది. చాలాసేపు ఉమ్మలేదు. గట్టు మీద నిలబడ్డ బాబాయి వంక చూసి, "నీకు తెలుసా?" అంది. బాబాయి తలొంచుకునే అన్నాడు, "చెప్పాను కదమ్మా." నాటకం సంగతీ, కాంట్రాక్టరు సంగతీ అన్నీ అక్కడే కక్కేశాడు. నాయనమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. మట్టి ఉమ్మేసి, కొంగుతో నోరు తుడుచుకుని, "చెప్పావురా. చెప్పలేదని ఎవరన్నారు. తట్ట మాత్రం లాక్కోలేదు" అంది.

పర్మనెంటు ఉద్యోగం సంగతి అడగలేదేం? గొయ్యి ఖాళీ అయింది. ఖాళీ గోతికి కాపలా ఎందుకని కాంట్రాక్టరు ఈల, కర్ర వెనక్కి తీసుకున్నాడు. చొక్కా మాత్రం చిరిగిందని వదిలేశాడు. తిండిగింజల్లేక అమ్మ నన్ను తీసుకుని బెజవాడ వచ్చి ఒక హోటల్లో పిండి రుబ్బే పనిలో చేరింది. ఆమె రుబ్బితే నేను తోసేదాన్ని. నా బడి అక్కడితో సరి. మా నాయనమ్మ ఆ తర్వాతి తిరునాళ్ళకి గుణదల వచ్చి తలనీలాలు ఇచ్చేసింది. పండితే ఇస్తానన్న జుట్టు పండకుండానే ఎందుకిచ్చావంటే, "మీ బాబాయి నవ్వట్లేదే" అంది. మేరీ మాత జుట్టయితే తీసుకుంది. బాబాయి మళ్ళీ నవ్వగా మాత్రం నేను చూడలేదు. పోయేదాకా ఆయన్ని చూసి ఊరు ముందు నవ్వుతూనే ఉంది, పాత అలవాటు కొద్దీ. ఆయనే నవ్వలేదు.

ఆ ఎకరం ఇప్పుడు చేపల చెరువులో కలిసిపోయింది. క్రిస్మస్ చెట్టు మాత్రం ఇనప కంచె మధ్య అలాగే ఉంది, తుప్పుపట్టి. కంచెకి ప్రమాదం అని బోర్డు వేలాడుతుంది. నేను వెళ్ళినప్పుడల్లా ఆ బోర్డు చదివి, ఇది నిజమో, లోపల ఇంకేదైనా వదిలించుకోవాలని పెట్టిందో అని అనుమానపడతాను. నవ్వు కూడా వస్తుంది. చేదు నవ్వే అనుకోండి.

నా ఇడ్లీ కొట్టు దగ్గరికి ఆఫీసుల కుర్రాళ్ళొస్తారు. నా మాటల కోసమే వస్తారు సగం మంది. మొన్న ఎండకి కొబ్బరి చట్నీ పులిసింది. నోట్లో వేసుకుని చూసి, "చట్నీ పాడైంది బాబూ, వద్దు" అన్నాను. "అబ్బా, అక్క మన కోసం దాచిపెడుతోందిరా!" అని ఒకడు గిన్నె వైపు చెయ్యి చాపాడు. పక్కవాళ్ళంతా నవ్వుతున్నారు. నా నోటికి కూడా ఒక జోకు రాబోయింది, మంచి జోకే. దాన్ని మింగేసి, గిన్నె ఎత్తి వాళ్ళ కళ్ళముందే మురిక్కాలవలో బోర్లించాను. నవ్వులు ఆగిపోయాయి. ఆ కుర్రాడు, "ఏంటక్కా, నిజంగానా?" అన్నాడు.

నాకు నోరు బాబాయి ఇచ్చాడు. చేతులు మాత్రం నాయనమ్మ మాట వింటాయి. వద్దని చెప్పి ఊరుకోను. లాక్కుని బోర్లిస్తాను.